ఖాళీ సీటుకి బెల్టు

హలో… ఆఁ, నేనేనండీ. మీ వ్యాను కొన్నదాన్ని. సీటు కవర్లు కుట్టే ఆవిణ్ణి.

… దొరికారు, సంతోషం. పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నా. మోగీ మోగీ ఆగిపోతోంది. నంబరు మార్చేశారేమో అనుకున్నా.

… బాగాలేను. కుశల ప్రశ్నలు తర్వాత.

… చెల్లెమ్మా అనకండి. అమ్మిన రోజు కూడా ఇలాగే చెల్లెమ్మా చెల్లెమ్మా అని తేనె పూసి మాట్లాడారు. "మా ఇంట్లో మనిషిలా చూసుకున్న బండి చెల్లెమ్మా, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నారు. నేనూ కళ్ళు మూసుకునే తీసుకున్నా. ఫోనులో నాలుగు ఫొటోలు, ఒక వీడియో, అంతే. అంత దూరం వచ్చి చూసే తీరిక మాకెక్కడిది?

… ఆ, చేరింది. లారీ మీంచి దించుతుంటే తళతళలాడిపోతోంది. మా ఆయన చుట్టూ తిరిగి తిరిగి, వెతికినా ఒక్క గీత కనపడలేదే అని మురిసిపోయాడు.

… ఆగండి. నేను చెప్పేది విని అప్పుడు మాట్లాడండి. అద్దానికి మూడు సెంటు సీసాలు వేలాడదీసి పంపారు. మూడెందుకండీ, ఒకటి చాలదూ? నాకు అప్పుడే అనుమానం రావలసింది. అవి తీసేసిన మర్నాడు తలుపు తెరిస్తే — గుప్పుమంది.

… ఏం వాసనా? నిలవ నీళ్ళ వాసన. కడగని తొట్టి అడుగున నాచు ఉంటుందే, ఆ వాసన.

… సర్వీసింగ్‌లో పైపు పెట్టి కడిగారా. సరే. కడిగితే తడి ఉంటుంది. ఒండ్రు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాళ్ళ కింద తివాచీ లేపితే ఒండ్రు, ఎండిపోయి బీటలు వారి ఉంది. సీటు బోల్టులు ముట్టుకుంటే తుప్పు పెచ్చులూడుతోంది. డ్యాష్‌బోర్డు కిందకి దూరి టార్చి వేసి చూశా. గోడకి చెమ్మ ఎక్కినట్టు ఒక గీత, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా.

… ఆ, విన్నా. పైపు. ఆ పైపులోంచి నత్తలు కూడా వస్తాయా మీకు?

… నత్తేనండీ. నత్త గుల్ల. ముందు సీటు స్పాంజిలో దొరికింది, చిటికెన వేలి గోరంత. నా బల్ల మీదే ఉంది. కావాలంటే ఫొటో పెడతా. ఫొటోల మీదేగా మన బేరం నడిచింది.

— పెట్టేయకండి. మీరు పెట్టేస్తే మళ్ళీ చేస్తా. రేపూ చేస్తా, ఎల్లుండీ చేస్తా. నా నోటి సంగతి మీకింకా తెలీదు.

… సీటెందుకు విప్పానా? నా పనే అది కదా. కొత్త కవరు వెయ్యాలంటే ముందు పాతది ఊడదీయాలి. మీరలా చెయ్యలేదు. ముందు సీటు ఒక్కదానికి మాత్రం పాత కవరు మీదే ఇంకోటి తొడిగించారు. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ అలా తొడగరండీ. పైగా చేతికుట్టు. దుప్పటి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు.

… మీరే కుట్టారా.

… ఆ సీటు ఇంకెవరి చేతా విప్పించడం ఇష్టం లేక. … ఏమో, నాకు అర్థం కావట్లేదు. సీటు విప్పించడానికి ఇష్టాయిష్టాలేంటి?

… నా తొందర నాది. మీకు ఆ రోజే చెప్పా, మీరు విని ఉండరు. మా అత్తగారికి మోకాలు మడవదు. పడినప్పుడు విరిగి, అతుక్కోవడం అతుక్కుంది గానీ కర్రలా బిగుసుకుపోయింది. చాచుకునే కూర్చోవాలి. ఎవరి కారులోనూ పట్టదు, వెనక సీటు మాట దేవుడెరుగు. తలుపు వెడల్పుగా తెరుచుకోవాలి, ముందు సీటు బాగా వెనక్కి జరగాలి. అందుకని వెతికి వెతికి మీ వ్యాను కొన్నాం. రోజు విడిచి రోజు ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి కాలికి వ్యాయామం చేయించాలి. ఆపేస్తే ఇక ఆ కాలు రాదన్నారు.

ఇప్పుడు చెప్పండి. ఆ సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టొచ్చా, కూడదా? నాకు కావలసింది అదొక్కటే.

… ఇంజనుకి ఢోకా లేదు. బ్రేకులకీ లేదు. … సరే. మరి ఆ మోత సంగతేంటి?

… బెల్టు మోత. ముందు సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగుతుందే, అది. తాళం తిప్పగానే మొదలవుతుంది. అక్కడ ఎవరూ లేరండీ. ఖాళీ సీటు. అయినా మోగుతోంది.

హలో?

హలో… ఉన్నారా?

… ఎప్పట్నుంచా? నిన్నటి నుంచి. బకిల్లో ఇరికించి ఉన్న ముక్క లాగేసినప్పట్నుంచి.

… ఏ ముక్కంటే, మీకు తెలీదా? కవరు కింద కనపడకుండా పెట్టింది మీరేగా. బెల్టు చివర ఉండే ఇనప నాలుక, దానికి బెత్తెడు పట్టీ. మిగతా బెల్టు లేదు. పక్కన కొత్త బెల్టు వేయించారు, బాగానే ఉంది. బకిల్లో మాత్రం ఈ పాత ముక్క.

… అవును, తీశా. తీయకూడదని రాసి పెట్టలేదుగా.

… మళ్ళీ పెట్టేయాలా. పెడితే మోగదు, అది నాకూ తెలుసు. బ్యాటరీ షాపతన్ని పిలిచి చూపించా. నీళ్ళు తాగిన సీటు, లోపల బరువు చూసే ముక్క పాడై, ఎవరో కూర్చున్నట్టే అనుకుంటోందన్నాడు. నాకు అర్థమైంది. మా అత్తగారికి చెప్పి చూడండి మీకు దమ్ముంటే. నిన్న తలుపు పట్టుకుని నిలబడి, ఆ మోత విని, కర్రతో సీటు చూపించి, "ఎవరో కూర్చునే ఉన్నారు కదే, బండే చెబుతోంది. ఇంకొకళ్ళ ఒళ్ళో కూర్చోమంటావేంటి నన్ను?" అంది. నవ్వుతూనే అందనుకోండి. కానీ ఎక్కలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. నిన్నటి ఆసుపత్రి అలా పోయింది.

… మీరు నవ్వట్లేదు.

… నిజం చెప్పాలంటే నాకూ నవ్వు రాలేదు. అందరూ వెళ్ళాక ఒక్కదాన్నే వెళ్ళి తాళం తిప్పి, ఆ సీటు వంక చూస్తూ నిలబడ్డా. గబగబా తాళం తీసేసి వచ్చేశా.

… పెట్టెయ్యండి, పెట్టెయ్యండి అంటారేగానీ అది ఏంటో చెప్పరు. సరే, నా సంగతి నేను చెప్తా. మా మామగారు ఈ షాపు తెరిచినప్పుడు ఒక రూలు పెట్టారు. సీటు విప్పితే లోపల దొరికినవి దొరికినట్టు బండి మనిషికి ఇచ్చేయాలి. చిల్లర, ఉంగరాలు, పిల్లల బొమ్మలు, ఏవైనా సరే. ఒక డబ్బాలో వేసి పక్కన పెడతాం. ఆయన పోయారు, రూలు పోలేదు. నేను మీకు ఫోను చేసింది తిట్టడానికి సగం, అవి ఇవ్వడానికి సగం.

మీ డబ్బాలో ఏమున్నాయో చెప్పనా? నత్త గుల్ల. రంగు సుద్ద ముక్క ఒకటి, నీలంది. జడ పిన్నులు.

… ఆ, చిన్నవే. నల్లవి. … ఆ తర్వాత ఆ బెల్టు ముక్క.

… ఏడుస్తున్నారా?

… లేదా. సరే. వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. ఫోను పెట్టను, ఉంటా.

…

ఆ. చెప్పండి.

… చెప్పలేకపోతే నేనడుగుతా, మీరు ఊఁ అనండి చాలు. ఆ పట్టీ తెగిన చోటు చూశా. పొద్దస్తమానం పట్టీలు కోసేదాన్ని నేను. కత్తెరతో తెగితే ఒకలా ఉంటుంది, కత్తితో తెగితే ఒకలా ఉంటుంది. ఇది సగం దాకా సూటిగా ఉంది. అక్కణ్ణుంచి పోగులు పోగులుగా పీక్కుపోయింది. మధ్యలో బ్లేడు విరిగింది. … కదూ. … డ్రైవరు వైపు నుంచి కోశారు. … మీరే.

పక్కన కూర్చున్నది ఎవరు?

…

అయ్యో. మీ ఆవిడా.

… ఊఁ. వింటున్నా. … వంతెన కింద రోడ్డు, రాత్రి పూట, నిండా వాన నీళ్ళు. … ముందు బస్సు వెళ్ళింది కదా అని మీరూ దింపారు. … ఎవరైనా అలాగే దింపుతారు. బస్సే పోయిందంటే దారి ఉందనేగా లెక్క. … నడి మధ్యలో ఆగిపోయింది. … ఊఁ. … తలుపులు రాలేదు. … మీ బెల్టు ఊడింది. ఆవిడది ఊడలేదు.

నెమ్మదిగా. నెమ్మదిగా చెప్పండి, నాకేం పని లేదు.

… ఆవిడ సంచిలోనా? … చిన్నపిల్లల టీచరా ఆవిడ. … చార్టులు కోసుకునే కట్టరు. … ఎక్కడికెళ్ళినా సంచిలో వేసుకు తిరుగుతుందని మీరు కోప్పడేవారు. … నీళ్ళలో చెయ్యి పెట్టి, తడిమి, అది పట్టుకుని. … అయితే సుద్ద ముక్క కూడా ఆవిడదే.

… కోశారు. … బయటికి తెచ్చారు. … తెచ్చారు గానీ.

ఊఁ.

— ఒక్క నిమిషం. ఆ, అత్తయ్యా? … వ్యాను అమ్మినాయనే. … ఏం లేదు, మాట్లాడుతున్నా. మీరు పడుకోండి. … అన్నీ తర్వాత చెప్తా… హలో. మా అత్తగారు. మంచం గోడకి అవతల ఉంటుంది, చెవులు మాత్రం ఇవతలే ఉంటాయి.

చెప్పండి అన్నయ్యా.

… ఆ మోతేనా. … ఆ రోజు బయల్దేరినప్పుడు కూడా మోగిందా. … ఆవిడ పెట్టుకోలేదు. ఇంత దగ్గరికి బెల్టెందుకంది. … మీరే పెట్టుకోమన్నారు. "ఆ గోల భరించలేకపోతున్నా, పెట్టుకో" అని.

… పెట్టుకుంది.

అన్నయ్యా, పెట్టుకోమనడం తప్పు కాదు. ఎవరైనా అదే అంటారు. నేను మా ఆయన్ని పోరు పెట్టి మరీ పెట్టిస్తా. … మీకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా చెబుతున్నా.

… బాగుచేయించి తెచ్చాక, తాళం తిప్పగానే అదే మోత. ఖాళీ సీటు. … ఆపించలేదు. … ఆ మోతతోనే నడిపారా? ఇన్నాళ్ళూ? … నడుపుతూ ఏమనేవారు?

… "పెట్టుకో" అనా.

… ఒక్కరే. ఖాళీ సీటు వంక చూస్తూ.

… మీ బావమరిది చూడలేక అమ్మేయమన్నాడు. … పాత ఇనుము వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. … ముక్కలు చేస్తుంటే చూడలేక. … చుట్టుపక్కల అందరికీ తెలిసిన బండి, ఎవరూ కొనరు. ఊఁ. … అందుకని దూరంగా ఉండే వాళ్ళం, చూడకుండా కొనేవాళ్ళం, మేం దొరికాం.

… లేదు, ఇది మాత్రం అనాలి, అననివ్వండి. మీ గుండెకోత మీది, నేను కాదనను. కానీ మోసపోయింది నేను. కాలు రాని మనిషి మా అత్తగారు. తుప్పు పట్టిన వైర్లతో ఆ బండి ఏ రోడ్డు మధ్యలోనో ఆగితే, తలుపు రాకపోతే, ఆవిడ గబుక్కున దిగగలదా? అదీ కాక అమ్మేముందు మీరు ఆ ముక్క ఇరికించి మోత నొక్కేశారు. నిజంగా మనిషి కూర్చుని బెల్టు మరిచిపోయినా బండి ఇక చెప్పదు. మీకు జరిగింది చాలక ఇంకొకళ్ళకి కూడానా? ఒక్కసారైనా ఆలోచించారా?

… అదీ. ఆలోచించలేదు.

… వెనక్కి తీసుకుంటారా. లారీ మీరే పంపిస్తారా. … తర్వాత? … మళ్ళీ అందులో కూర్చుని "పెట్టుకో, పెట్టుకో" అనుకుంటూ తిరుగుతారా?

… ఏంటి? … అడగండి, ఫరవాలేదు.

… తెగిన చోటు చూస్తే ఎంతసేపు పట్టిందో తెలుస్తుందా అనా.

ఎందుకన్నయ్యా అది?

… అందరూ చిటికెలో కోశావు, నీ తప్పేం లేదంటున్నారు. … మీకు మాత్రం చాలాసేపు పట్టినట్టే ఉంది. … చేతులు సరిగ్గా ఆడి ఉంటే, ఆవిడ… ఊఁ. ఊఁ.

ఉండండి. స్పీకరులో పెడుతున్నా. … ఇదిగో, నా బల్ల కింద పాత బెల్టులు బోలెడున్నాయి. ఒకటి తీశా. కట్టరు కూడా ఉంది, కాగితాలు కోసేదే, మీ ఆవిడ దగ్గరున్నలాంటిదే. వినపడుతోందా? … కోస్తున్నా.

… జారుతోంది. … అంచు కూడా తెగలేదింకా. … ఇప్పుడు తెగుతోంది. … బ్లేడు వంగుతోంది… 

ఆ చప్పుడు విన్నారా? విరిగింది. సగం కూడా రాలేదు. … మొండి ముక్కతో కోస్తున్నా ఇప్పుడు. … పోగులొస్తున్నాయి, పట్టీ రావట్లేదు. … రావట్లేదన్నయ్యా. … అబ్బా.

… ఏం కాలేదు. వేలు తెగింది, చిన్న గాటే. గుడ్డ చుట్టుకున్నా.

వినండి. పట్టపగలు. బల్ల మీద పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్న చెయ్యి నాది. పొడి పట్టీ నాకే తెగలేదు, చేతిలోంచి పడేశా. మీరు చీకట్లో, నీళ్ళలో, విరిగిన బ్లేడుతో కోశారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. తెలుసంటే అబద్ధమవుతుంది. కానీ మీరు మధ్యలో వదిలెయ్యలేదు. వదిలేసి మళ్ళీ మొదలుపెడితే కోత ఇంకో చోట పడుతుంది. అలాంటి గుర్తు దాని మీద లేదు. ఒకటే కోత, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. అది మాత్రం ఒట్టేసి చెబుతా.

…

ఏడవండి. ఉన్నా.

…

— ఆ, అత్తయ్యా. … అంతా విన్నారా. … అడగాలా? బాగుండదేమో. … సరే, సరే, అడుగుతా… అన్నయ్యా, మా అత్తగారు ఒకటి అడగమంటోంది. మీ ఆవిడ ఆ సీట్లో నోరు మూసుకుని కూర్చునేదా, మీకు డ్రైవింగు నేర్పుతూ కూర్చునేదా అని.

… నేర్పుతూనా. "గేరు మార్చు, లారీ వెనకాల పోకు, హారను కొట్టు"… అత్తయ్యా, నేర్పుతూనేనట. … "అయితే మా జాతే" అంటోంది.

… మీరు నవ్వితే బాగుంది.

… ఇంకో మాట కూడా అడగమంటోంది. తప్పుగా అనుకోకండి. ఆ సీట్లో తను కూర్చుంటే మీ ఆవిడకేమన్నా అభ్యంతరమా అని. … మీరే చెప్పాలిగా. ఇంకెవరు చెబుతారు?

…

… అలాగే చెబుతా. అత్తయ్యా, కాలు చాచుకుని హాయిగా కూర్చోమంటున్నారు. ఆవిడ ఎవరికైనా చోటిచ్చే మనిషేనట.

… ఆవిడేం అనట్లేదు. ముక్కు చీదుకుంటోంది.

సరే, ఇక వినండి. బండి వెనక్కి పంపను. ఉన్నదున్నట్టు నడపను కూడా. రేపు పొద్దున బ్యాటరీ షాపతను వస్తాడు. వైర్లన్నీ పీకి కొత్తవి వేస్తాడు. ముందు సీటు తీసేసి వేరేది బిగిస్తాడు. ఆ ఖర్చు మీది. … సగం కాదు, మొత్తం. అన్నయ్యా అన్నంత మాత్రాన మెత్తబడతాననుకోకండి. … అదీ మాట. బాగయ్యేదాకా ఆసుపత్రి వాళ్ళనే ఇంటికి రమ్మని కాళ్ళావేళ్ళా పడతా.

సీటు మారితే ఆ మోత ఉండదన్నయ్యా. మా అత్తగారు బెల్టు మరిచిపోతే ఆవిడ కోసం మోగుతుంది, అంతే. … ఆ. రేపటితో సరి.

…

… ఇప్పుడా?

… ఒక్కసారి. … సరే. చెప్పులేసుకోనివ్వండి. … బండి షాపు ముందే ఉంది. తలుపు తీశా. … వాసన తగ్గింది, ఎండకి. సీటు మీద కవరు లేదు, స్పాంజి ఒక్కటే ఉంది. మీరు కుట్టింది పారెయ్యలేదు, మడత పెట్టా. డబ్బాతో పాటు పంపిస్తా. … తాళం తిప్పుతున్నా.

… వినపడుతోందా?

… ఆ. అదే.

… బెల్టు ముక్క నా చేతిలోనే ఉంది. పెట్టమంటారా బకిల్లో? ఆగిపోతుంది.

… వద్దా.

… ఏమన్నారు? ఈ మోతలో వినపడలేదు. … "పెట్టుకోకు" అంటున్నారా.

… ఆఁ. నాతో కాదు. అర్థమైంది.

ఫోను సీటు మీద పెడుతున్నా అన్నయ్యా. నేను షాపులోకి వెళ్ళిపోతా. తలుపు వేసేస్తున్నా, బయటికి ఎవరికీ వినపడదు. తొందరేం లేదు, మాట్లాడండి. ఛార్జింగు చాలా ఉంది.